బస్తా కుట్టు

రెండు వంతెనలూ మునిగిన వరద వచ్చిపోయిన మూడో ఏడు జరిగిందిది. అప్పటికి ఆ వీధిలో టార్పాలిన్లు కుట్టేవాడు ఒక్కడే మిగిలాడు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గాని, వీధి మొత్తం దబ్బనం అనే పిలిచేది. మనిషి ఆ సూదిలాగే సన్నగా, పొడుగ్గా, కొస దగ్గర కాస్త వంగి ఉండేవాడు. మాట కూడా అంతే. ఎప్పుడో గాని బయటికి రాదు, వస్తే గుచ్చుకుంటుంది. మిగతా వేళల్లో అన్నిటికీ ఒకటే అనేవాడు, ఊఁ అని. విన్నానని ఒక ఊఁ, సరేనని ఒక ఊఁ, ఇక లేచి వెళ్ళమని ఒక ఊఁ. ఏది ఏదో తెలిసిన మనిషి అతని భార్య ఒక్కతే. ఆమె పోయాక ఊఁలన్నీ కలిసిపోయాయి.

ముందు గదిలో కోడలు బట్టలు కుట్టేది. వెనక గది దబ్బనానిది. దానికి ఒకటే కిటికీ. కిటికీ కింద ఇనుప బల్ల మీద పెద్ద మిషను, నేల మీద లారీ టార్పాలిన్ల మడతలు, గోడ మేకులకి మైనం పట్టించిన దారపు చుట్టలు. లారీల వాళ్ళు, గుడారాల వాళ్ళు తప్ప ఆ గది గడప తొక్కేవాళ్ళు లేరు.

ఆ రోజు మధ్యాహ్నం ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చంకలో బిడ్డని ఎత్తుకున్నట్టు ఒక గోనెసంచి ఎత్తుకొచ్చింది. లోపలికి రాబోయే ముందు వెనక్కి తిరిగి వీధిని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"జాకెట్టుకి రిపేరుందండీ," అంది.

"ఇటివ్వండి. చంక దగ్గర బిగుతా? కొలతకి ఇంకో జాకెట్టు తెచ్చారా?" అంది కోడలు మిషను ఆపకుండానే.

"ఆ జాకెట్టు కాదు."

సంచిని బల్ల మీద పెడితే బల్ల దబ్బుమంది. కోడలు సంచి మూతి తెరిచి తొంగిచూసి, పాము కనబడినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మావయ్యా! ఇది మీ బాపతు!"

ఆమె సంచి మోసుకొచ్చి వెనక గదిలో దించితే దబ్బనం చూశాడు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు. బూడిద రంగు మందపు గుడ్డ, ముందొక పెద్ద జేబు, వెనకొక పెద్ద జేబు, ఇనుప పలకలు దూర్చుకోవడానికి. పలకలు తీసేసి తెచ్చింది. అయినా బరువుంది. రెండు భుజాల మీదా అరచేతి వెడల్పు పట్టీలు, రెండు పక్కలా రెండేసి బిగింపు బకిల్సు. ఎడమ పక్క కుట్టు జానెడు మేర చిరిగి, లోపలి స్పాంజి నాలుక బయటపెట్టినట్టు కనబడుతోంది.

"ఇప్పటికి నలుగురిని చూశానండీ," అంది ఆమె. "మొదటాయన నా సూది విరుగుతుందన్నాడు. రెండో ఆయన కాయితం ఉందా అన్నాడు. చెప్పులు కుట్టే ఆయన, ఇక్కడ వదిలెళ్ళు, ఎవరినో అడిగి చెప్తానన్నాడు. ఎవరిని అడుగుతాడో నాకు తెలీదా? తీసుకుని వచ్చేశా. నాలుగో ఆయన మీ పేరు చెప్పాడు. దబ్బనం అయితే నోరు మెదపడు అన్నాడు."

ఆ పొగడ్త దబ్బనానికి నచ్చలేదు. పనితనం చూసి పంపేవాళ్ళు వేరు, నోరు మెదపడని పంపేవాళ్ళు వేరు.

జాకెట్టుని వెనక్కి తిప్పి లోపలి గుడ్డ చూశాడు. సిరాతో నెంబరు వేసే చోటు అది. అక్కడ వేరే గుడ్డముక్క పెట్టి, పురికొసతో నాలుగు వైపులా కుట్టేసి ఉంది. నెంబరు కనబడకుండా కప్పారన్నమాట. కప్పిన చెయ్యి ఈమెదే. వేళ్ళ మీద పురికొస రాసుకుపోయిన గీతలు పాతవీ కొత్తవీ ఉన్నాయి.

"ఎవరిది?" అన్నాడు.

"మా ఆయనది. సెక్యూరిటీ పని. చిరిగింది బాగు చెయ్యాలి. ఇంకోటి కూడా ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "ఈ రెండు భుజాలూ విప్పేసి మళ్ళీ కుట్టాలి. బస్తా కుట్టు వెయ్యాలి."

దబ్బనం తలెత్తి చూశాడు.

బస్తా మూతికి వేసే కుట్టు అందరూ చూసిందే. గొలుసులాగా ఒక మెలికలో ఇంకో మెలిక పోతుంది. సరైన కొస పట్టుకుని లాగితే మూతి మొత్తం జర్రున ఊడి వస్తుంది. తప్పు కొస లాగితే బిగుసుకుని కూర్చుంటుంది. బస్తాకి అది మంచి కుట్టే. మనిషి భుజానికి ఎవరూ వెయ్యరు.

"లాగితే ఊడుతుంది," అన్నాడు.

"ఊడాలనే."

"మీ ఆయనకి తెలుసా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "తెలీదు. ఆయన వాళ్ళ అన్నగారింటికి వెళ్ళాడు. ఎల్లుండి పొద్దున్న డ్యూటీ. ఆ లోపల మేకుకి తగిలించెయ్యాలి. మీరు కూడా ఎవరికీ చెప్పొద్దు."

"ఊఁ," అన్నాడు దబ్బనం.

విన్నానని అన్న ఊఁ అది. ఆమె సరేనన్న ఊఁ అనుకుంది. రేపు సాయంత్రం వస్తానని చెప్పి, వచ్చినట్టే వీధి రెండు వైపులా చూసుకుని వెళ్ళిపోయింది. దబ్బనం పిలుద్దామనుకునేసరికి మలుపు తిరిగింది. పని ఒప్పుకోని సరుకు ఒళ్ళో మిగిలింది.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతా విన్నదని మొహమే చెబుతోంది.

"మావయ్యా, అది ఇంట్లో ఉండకూడదు."

"ఊఁ."

"ఊఁ అంటే? మొగుడికి తెలియకుండా మొగుడి జాకెట్టు ఊడిపోయేలా కుట్టమంటుందా? ఏ పెళ్ళామైనా ఊడింది కుట్టించుకుంటుంది గాని..."

ఈ మాటకి పక్క కొట్టులోంచి దబ్బనం బావమరిది ఊడిపడ్డాడు. అతను బండ్ల సీట్లు కుడతాడు. సీట్లలో కూరే దూది కొంత తనే తిన్నాడా అన్నట్టు పొట్ట అతనికంటే ముందు గదిలోకి వచ్చేది. బావ మాట్లాడని మాటలన్నీ తనే మాట్లాడెయ్యాలని అతనికి ఉబలాటం.

"ఏంటి బావా, మిలట్రీలో చేరావా ఈ వయసులో?" అని జాకెట్టు అటూ ఇటూ తిప్పాడు. కోడలు మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. బావమరిది మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఇంకిపోయింది.

"తేలిపోయింది. మొగుణ్ణి లేపేస్తోంది," అన్నాడు.

"నాకూ అదే అనిపించింది చిన్నమావయ్యా."

"ఎవడో ఉండుంటాడు. డ్యూటీలో గొడవ పెట్టుకుంటాడు, ఆ దారం పట్టి లాగుతాడు, జాకెట్టు కిందికి, తూటా లోపలికి. పోలీసులు వచ్చి ఏం చూస్తారు? కుట్టు చూస్తారు. ఈ వీధిలో ఇంత మందం కుట్టేది ఎవరు? మా బావ. అప్పుడు స్టేషన్లో కూడా ఊఁ అను, బాగుంటుంది."

ఆ మాటల్లో ఒకటి దబ్బనం లోపల ముల్లులా దిగింది. వేసుకునేవాడికి తెలియకపోతే ఆ దారం లాగేది ఎవరు? తెలియని మనిషి తన భుజం మీద కొస తను వెతుక్కోడు. లాగే చెయ్యి ఇంకొకరిది అయి ఉండాలి. ఎటు తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చింది.

తిరిగి ఇచ్చేద్దామంటే ఆమె ఇల్లు తెలియదు. కుట్టను పొమ్మంటే ఆరోవాడి దగ్గరికి వెళ్తుంది. ఆ ఆరోవాడు కుట్టేస్తాడు. నలభై ఏళ్ళలో తన చేతి కుట్టు ఒక్కటి ఊడడం దబ్బనం ఎరగడు. ఇప్పుడు ఊడితే లారీ మీద సరుకు తడవడం కాదు, ఒక మనిషి ప్రాణం.

సాయంత్రం దాకా జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్న ఒక పని చేశాడు. భుజాల పట్టీలు విప్పాడు. దారం రెండు పేటలు చేసి మైనం పట్టించి, మిషను మీద నాలుగు వరసలు గట్టి కుట్టు వేశాడు. లారీని కట్టి లాగినా కదలదు. దాని మీద అదే రంగు గుడ్డ పట్టీ పరిచి, పైన చేత్తో ఒక వరస బస్తా కుట్టు వేశాడు. చూసేవాళ్ళకి బస్తా కుట్టే. లాగితే పై పట్టీ ఊడుతుంది, భుజం అలాగే ఉంటుంది. ఎవడు లాగినా ఆ మనిషి బతుకుతాడు.

బావమరిది చూసి, "బావా, నువ్వు మాట్లాడవు గాని లోపల బుర్ర పాదరసం," అన్నాడు. ఆ మెప్పుకి దబ్బనం మీసం ఒకసారి కదిలింది. అతని లెక్కలో అది పెద్ద నవ్వు.

ఎండ వాలకముందే ఆమె వచ్చింది. ఈసారి తొందరగా ఉంది. జాకెట్టు అందుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దబ్బనం ఆమె మొహం చూడకుండా వేళ్ళనే చూస్తున్నాడు. ఆ వేళ్ళు భుజం మీద కుట్టు వెంట ఒకసారి పాకాయి. రెండు కొసల్లో ఏది లాగాలో వెతకలేదు. సరైన కొస దగ్గర ఆగి, గోటితో మెలిక విప్పి, చటుక్కున లాగింది. జర్రుమంటూ పై పట్టీ ఊడి వచ్చింది. కింద నాలుగు వరసల గట్టి కుట్టు, పళ్ళు కరుచుకున్నట్టు కనబడింది.

కోడలి మిషను ఆగింది.

"నేను గోదాములో పదమూడేళ్ళుగా బస్తాల మూతులు కుడుతున్నానండీ," అంది ఆమె. "పైన కుట్టు పట్టుకుంటే కింద ఏముందో తెలిసిపోతుంది నాకు. ఎందుకిలా చేశారు?"

దబ్బనం ఊడిన దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారు మీకు ఇలా చెయ్యమని? ఆఫీసు వాళ్ళా? చెప్పుల ఆయన చెప్పేశాడా? నాకు ముందే అనుమానం. మీరు ఊఁ అన్నప్పుడే అనుకున్నా, ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటని."

అతన్ని అనుమానిస్తోంది! దబ్బనానికి ఒక్క క్షణం నోట మాట రాలేదు. అదేమంత వింత కాదు గాని, ఈసారి వెతికినా రాలేదు. గుమ్మం అవతల బావమరిది పొట్ట కనబడుతోంది, మనిషి కనబడడం లేదు.

"లాగేది ఎవరు?" అన్నాడు చివరికి.

"ఏంటి?"

"మీ ఆయనకి తెలీదన్నావు. మరి లాగేది ఎవరు?"

ఆమె అతని వైపు చూసింది. తర్వాత గుమ్మంలో ఉన్న పొట్టని చూసింది. మిషను ఆపి వింటున్న కోడలిని చూసింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"అంటే నేను మా ఆయన్ని..." అని ఆగిపోయింది. గోడకి ఆనుకుని అక్కడే మడతల మీద కూలబడింది. "ఛీ. మీ నోట్లో మట్టి పడ. ముగ్గురూ కూర్చుని ఇదా అనుకున్నది?"

"మేమేం అనుకోలేదమ్మా," అంది పొట్ట.

"నోరు ముయ్యండి చిన్నమావయ్యా," అంది కోడలు.

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఏడవలేదు కాబట్టి. కోపంతోనే చెప్పింది. మొగుడికి నెల క్రితం డ్యూటీ మార్చారు. నది అవతలి ఫ్యాక్టరీకి జీతాల పెట్టె తీసుకెళ్ళే పడవ మీద వేశారు. అంతకుముందు ఆ పడవ మీద ఒక పొడుగాయన ఉండేవాడు. గాలికి పడవ ఒరిగి నీళ్ళలో పడ్డాడు. ఒడ్డు ఇరవై అడుగులు కూడా లేదు. ఆయన చిన్నప్పటి నుంచీ ఈత వచ్చినవాడు. అయినా ఇనుప పలకలు రాయిలా లాక్కుపోయాయి. పైకి తీసేసరికి రెండు చేతులూ పక్క బకిల్సు మీదే బిగుసుకుని ఉన్నాయి, గోళ్ళు విరిగి.

"మా ఆయనకి ఈత రాదు," అంది. "ఎన్నిసార్లు చెప్పానో. ఆఫీసు వాళ్ళు ఇచ్చారంటే వాళ్ళకి తెలీదా అంటాడు. ఆఫీసు సామాను మీద చెయ్యి వేస్తే ఉద్యోగం పోతుందంటాడు. నేను పిరికిదాన్నట. బస్తా కుట్టు వేసి తగిలించేస్తే, పడవ ఎక్కేటప్పుడు చెప్దామనుకున్నా. ఒంటి మీద ఉన్నాక ఇంక తీసి పారెయ్యడు కదా. నెంబరు ఎందుకు కప్పానంటారా? నెంబరు చూసి మీలాంటి వాళ్ళు ఎవరైనా ఆఫీసుకి ఫోను చేస్తారని."

నమ్మవచ్చా? దబ్బనం ఆమె మాటలు నమ్మలేదు, కాదనలేదు కూడా. కథలు అందరూ చెబుతారు. అయితే ఒకటి ఉంది. గోళ్ళు విరిగాయన్నప్పుడు ఆమె చేతులు తెలియకుండానే తన పక్కలకి వెళ్ళాయి, బకిల్సు ఉండే చోటికి. అబద్ధం చెప్పే చేతులు అలా వెళ్ళవనిపించింది.

"పొద్దున్న ఎన్నింటికి?" అన్నాడు.

"ఏడింటికి పడవ."

"ఇది ఇక్కడే ఉంటుంది. నేను తెస్తా."

"ఎక్కడికి? వద్దు వద్దు. నేనే తీసుకెళ్తా." ఆమె లేచి జాకెట్టు గట్టిగా పట్టుకుంది. "మీరొస్తే ఆయనకి తెలిసిపోతుంది. తీసి అవతల పారేస్తాడు."

దబ్బనం రెండో వైపు పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే.

"తెలియని మనిషి ఒంటి మీద నా కుట్టు ఊడదు," అన్నాడు. "వాడికి చెప్పే కుడతా. లేకపోతే ఆ నాలుగు వరసలూ అలాగే ఉంటాయి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఈ ముసలాయన పొద్దున్న రేవు దగ్గరికి పోలీసులని వెంటబెట్టుకొస్తాడా, ఆఫీసరునా, అని మొహంలో ఒక్కొక్క ఆలోచనే వచ్చి పోయింది. చివరికి వేళ్ళు వదిలింది. వేరే దారి లేక వదిలింది, నమ్మి కాదు. గడప దాటుతూ, "పలకలు ఆయన సంచిలో ఉంటాయి," అని మాత్రం అంది.

వెలుతురు ఉండగానే పని మొదలుపెట్టాడు. పొద్దున్న వేసిన నాలుగు వరసలూ తనే విప్పుకున్నాడు. అది విప్పడం వెయ్యడం కంటే కష్టమైంది. తర్వాత కొక్కెం సూది తీశాడు. కొసన చిన్న కొక్కెం ఉండే ఆ సూదితో చేత్తో కుడితే మెలికలో మెలిక పడుతుంది. లావు దారంతో, వత్తుగా, రెండు భుజాలకీ బస్తా కుట్టు వేశాడు. చివరి మెలికలో కొస దూర్చి ముడి లాంటిది పెట్టాడు, దానంతటది జారకుండా.

"బామ్మర్దీ, ఇటు రా," అన్నాడు.

దబ్బనం తనంతట తను పిలవడం చూసి బావమరిది సంబరంగా వచ్చాడు. వచ్చాక గాని తెలియలేదు ఎందుకో. జాకెట్టు తొడిగి, పలకల బదులు జేబుల్లో తూకం రాళ్ళు వేసి, నడుము దగ్గర బకిల్సు బిగించారు. భుజం పట్టీలకి తాడు వేసి దూలానికి కట్టి, కాళ్ళ కింద పీట లాగేశాడు దబ్బనం.

"అమ్మో! చంపేస్తున్నాడు! కోడలా, మీ మావయ్య నన్ను లేపేస్తున్నాడు!"

"ఊగకు," అన్నాడు దబ్బనం.

గంగిరెద్దులాంటి మనిషి గాల్లో ఊగినా కుట్టు కదలలేదు. అతన్ని దించి, అప్పుడు రెండు కొసలూ కలిపి ఒక్క లాగు లాగాడు. జర్రున రెండు భుజాలూ విడిపోయాయి. జాకెట్టు కిందికి జారింది. జారి పొట్ట దగ్గర ఆగిపోయింది.

బావమరిది ఊపిరి పీల్చి పొట్ట లోపలికి లాక్కున్నాడు. జాకెట్టు కదలలేదు. నడుముకి ఉక్కు చుట్టలా పట్టేసింది.

"చూడు, తిండి మంచిదే అని ఎన్నిసార్లు చెప్పాను," అన్నాడు. "ఈ పొట్ట లేకపోతే నీకు తెలిసేదా?"

తెలిసేది కాదు. దబ్బనం ఒప్పుకున్నాడు, లోపల. భుజాలు ఊడినంత మాత్రాన చాలదు. పక్కల పట్టు అలాగే ఉంటే నీళ్ళలో అది నడుముకి వేలాడి కిందికే లాగుతుంది. బస్తాలు కుట్టే ఆమెకి బస్తా మూతి తెలుసు గాని మనిషి నడుము తెలియదు. చిరిగిన ఎడమ పక్క ఎలాగూ కుట్టాలి. ఆ పక్కన కూడా బస్తా కుట్టే వేశాడు. మూడు కొసలూ మడతల కిందుగా ముందుకి తెచ్చి, ఒక్క తాడుకి కట్టి, ఎడమ రొమ్ము మీద పట్టీ కింద దాచాడు. కుడి చెయ్యి అడ్డంగా వెళ్ళి అందుకునే చోటు అది. తాడు కొసకి చేతికి పట్టు దొరికేలా చెక్కముక్క కట్టాడు. మళ్ళీ బావమరిదిని పిలిచాడు. ఈసారి అతను రానన్నాడు. కోడలు చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఒక్క లాగుకి జాకెట్టు ఎడమ పక్క తలుపులా తెరుచుకుని కాళ్ళ దగ్గర పడింది. బావమరిది కాలి వేళ్ళ మీద పడి అతను అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. విప్పినదంతా దబ్బనం మళ్ళీ కుట్టుకున్నాడు, అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు తెల్లవారగానే జాకెట్టు భుజాన వేసుకుని, మోకు తాడు ఒకటి, కొక్కెం సూది, దారం జేబులో వేసుకుని రేవుకి నడిచాడు. రాతి మెట్ల దగ్గర పడవ కట్టేసి ఉంది. ఆమె మెట్ల పైన నిలబడి దారి వైపే చూస్తోంది. అతని వెనక ఎవరూ రావడం లేదని చూసి గాని ఊపిరి వదల్లేదు. ఆమె పక్కన ఖాకీ దుస్తుల్లో కండలు తిరిగిన మనిషి, చేతిలో బరువు సంచి. అప్పటికే గొడవ జరిగినట్టుంది. మొగుడి దవడ బిగుసుకుని ఉంది.

"ఎవరయ్యా నువ్వు? నా డ్యూటీ సామాను నీ భుజం మీద ఎందుకుంది?"

"కుట్టాను."

"ఎవరిని అడిగి? ఇందులో దారం తెగితే నా ఉద్యోగం తెగుతుంది, తెలుసా? ఇద్దరూ కలిసి ఏం నాటకం ఇది?" పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎంతకాలం నుంచి తెలుసు నీకు ఈయన?"

"నిన్న కాక మొన్న తెలుసు. ముందు చెప్పేది విను," అంది ఆమె.

కానీ చెప్పాల్సినవాడికి చెప్పడం రాదు. దబ్బనం నోరు తెరిచాడు, మూశాడు. చెయ్యి చాపాడు.

"పలకలు ఇటివ్వు."

ఎందుకిచ్చాడో ఆ మనిషికే తెలియదు. దబ్బనం పలకలు రెండూ జేబుల్లో దూర్చి జాకెట్టు తనే తొడుక్కున్నాడు. నాలుగు బకిల్సూ బిగించుకున్నాడు. సన్నటి మనిషి ఆ బరువుకి ఇంకా వంగాడు. మోకు ఒక కొస జాకెట్టు ముందు భాగానికీ వెనక భాగానికీ కలిపి కట్టి, రెండో కొస మొగుడి చేతిలో పెట్టాడు.

"నేను పైకి వచ్చాక లాగు. నన్ను కాదు, దీన్ని."

"పెద్దాయనా, ఆగు! ఏయ్!"

చివరి మెట్టు అవతల నీళ్ళు నిలువు లోతు. దబ్బనం అడుగు వేశాడు. గుండు వేసినట్టు మునిగాడు. తల లేదు, చేతులు లేవు. నీళ్ళ మీద నాలుగు బుడగలు లేచాయి. ఆమె కేక పెట్టింది. మొగుడు మోకు చేతికి చుట్టుకుని, ఈత రాని కాళ్ళతోనే రెండు మెట్లు దిగాడు. అంతలో తెల్లటి జుట్టు బయటికి వచ్చింది, తర్వాత మొహం. ఒళ్ళు తేలిగ్గా ఉంది, చొక్కా మాత్రమే ఉంది. దబ్బనం నాలుగు బారలు ఈది మెట్టు పట్టుకుని దగ్గాడు.

మొగుడు మోకు లాగాడు. అడుగు నుంచి జాకెట్టు ఒక పక్క తెరుచుకుని, నీళ్ళు కారుస్తూ పైకి వచ్చింది. దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. దాని బరువు ఎంతో అతని చేతులకి ఇప్పుడు తెలిసినట్టుంది. పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు, ఆమె వేరే వైపు చూస్తోంది.

"పొడుగాయన దగ్గర ఈ తాడు ఉండుంటే..." అన్నాడు మొగుడు.

"ఊఁ," అన్నాడు దబ్బనం.

పడవకి ఇంకా గంట టైముంది. తడి బట్టలతోనే మెట్టు మీద కూర్చుని, జాకెట్టు ఒళ్ళోకి లాక్కుని, కొక్కెం సూదికి దారం అందించాడు. రెండు భుజాలూ, పక్కా మళ్ళీ కుట్టి మొగుడికి తొడిగాడు.

"లాగినట్టు పట్టుకో చూద్దాం."

మొగుడు చెయ్యి ఎత్తాడు. ఎడమ చెయ్యి అది. రొమ్ము మీద తాడు దాని పక్కనే ఉన్నా ఆ చెయ్యి మడిచి పట్టుకోలేక రెండుసార్లు జారిపోయింది.

"ఎడమచేతి వాటమా?" అన్నాడు దబ్బనం.

"అవును."

దబ్బనం ఆమె వైపు చూశాడు. ఆమె నాలుక కరుచుకుంది. ఇన్నేళ్ళ కాపురం, చెప్పాలని తోచలేదు. అడగాలని అతనికీ తోచలేదు.

మొగుణ్ణి కదలకుండా నిలబెట్టి, గడ్డం పైకెత్తమని చెప్పి, కొసలు మూడూ విప్పి, ఒంటి మీద ఉండగానే తాడుని కుడి రొమ్ము వైపుకి మార్చి కుట్టాడు.